అబద్ధం మీద సంతకం పెట్టని బీరయ్య

మా అన్న బీరయ్య ఇక లేడు. గత నెల తంతి వార్త వచ్చిన పూట నేను బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాను. పోస్టుమన్ గడప అవతలే నిలబడిపోయాడు. నాకు చదువు చెప్పించిన మనిషి మరణవార్తను ఆ చదువుతోనే చదువుకోవలసి వచ్చింది. విమాన కర్మాగారంలో, తన బల్ల ముందు కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయిందట. నిండా యాభై ఏళ్లు లేవు. పిల్లలను ఇళ్లకు పంపి బడి తలుపు వేశాను. దుఃఖం కంటె ముందు, అంత తొందరగా పోయాడని నాకు కోపం వచ్చింది.

ఆ కోపం ఇంకా చల్లారలేదు. పైగా అన్న చితి ఆరకముందే ఊళ్లో ఒక మాట పుట్టింది. కట్టుబాటు తెంచి అందరి చేత ఒకే బావి నీళ్లు తాగించినందుకు గ్రామదేవత ఆగ్రహించిందట, అందుకే అర్ధాయుష్షుతో పోయాడట. ఈ నాలుగు మాటలు అన్నకు నివాళిగా రాస్తున్నాను, ఆ ప్రచారానికి జవాబుగా కూడా రాస్తున్నాను.

కట్టంగూరుకు రెండు కోసుల దూరంలో గొర్లు మేపుకొని బతికిన కుటుంబం మాది. కొడుకు మంద వెంట నడవవలసిన వయసులో బాపు ఒక్కడే మందను కాసుకొని, అతణ్ణి నల్లగొండ బడికి పంపాడు. అన్న ఉర్దూలో చదివాడు, హైదరాబాదులో యంత్రవిద్య నేర్చాడు, పొరుగు రాష్ట్రంలోని విమాన కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. స్వయంకృషితో తనిఖీ విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ తయారైన విమానం నేల విడవాలంటే కాగితం మీద అతని సంతకం ఉండాలి. అంత హోదాలో ఉన్నవాడికి ఈ మోటు పేరేమిటి, మార్చుకోరాదా అని ఒక పెద్ద అధికారి సలహా ఇచ్చాడట. "గది మా దేవుని పేరు సార్. విమానానికి లేని తక్లీఫ్ మీకెందుకు?" అని నవ్వి, ఆ పేరునే తలుపు మీద పెద్దక్షరాలతో రాయించాడు.

మా వదిన లక్ష్మమ్మ చెప్పిన సంగతి ఒకటి. ప్రముఖులెవరో చూడవస్తున్నారని ఒక విమానాన్ని సిద్ధం చేశారు. రెక్క అతుకు దగ్గర వెంట్రుకంత పగులు అన్న కంటబడింది. ఒక్కరోజుకే కదా, సంతకం పెట్టమని పై అధికారులు అన్నారు. "గా ఒక్కరోజు దాన్ని నడిపేటోడు పైనుంటడు గద సార్. ఆయనకూ ఇల్లు, పిల్లలున్నరు" అని కలం జేబులో పెట్టుకొన్నాడు. విమానం లేవలేదు. అన్నకు రావలసిన పదోన్నతి చాలాకాలం ఆగిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఏమీ జరగనట్టు పిల్లలిద్దరినీ భుజాలకెక్కించుకొని వీధంతా తిప్పాడట.

ఇక నా సంగతి. పన్నెండో ఏటికే నా మోకాళ్లు వంకరపోయాయి. ఇరవై దాటకముందే నడుము వంగింది. మా ఊళ్లో ఇది వింత కాదు. ప్రతి ఇంటా గారపట్టిన పళ్లు, బిగుసుకుపోయిన మెడలు. అందరూ శాపమనే నమ్మేవాళ్లు. నా పెండ్లి ఊసు ఎవరూ ఎత్తని రోజుల్లో అన్న పలకాబలపం తెచ్చి నా ఒడిలో పెట్టాడు. "కాళ్లు వంగినయి గాని తలకాయ వంగలే గద. సదువుకో" అన్నాడు. సెలవుల్లో తానే దగ్గర కూర్చుని చెప్పి, తర్వాత నల్లగొండలో ఉంచి ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించాడు.

నీళ్లలోనే దోషముందని నల్లగొండ దవాఖానలో ఒక డాక్టరు చెప్పిన మాట అన్నను నిలవనీయలేదు. ఊళ్లోని ఏడు బావుల నీళ్లు ఏడు సీసాల్లో పట్టి, పేర్లు అంటించి, రైల్లో ఒళ్లో పెట్టుకొని తీసుకుపోయాడు. రసాయన శాస్త్రం తెలిసిన మిత్రుడి చేత పరీక్ష చేయించాడు. ఆరు బావుల్లో ఫ్లోరైడు విషం ఉన్నదని తేలింది. తాగదగినది ఒక్కటే. అది మాదిగవాడ బావి.

ఆ ఎండాకాలం అన్న కుటుంబంతో సహా వచ్చాడు. చావడి దగ్గర ఊరందరి ముందూ ఆ కాగితం చదివాడు. మా కులపెద్ద రాజమల్లయ్య లేచి నిలబడ్డాడు.

"ఏంరా బీరిగా, ఇమానాలు జేసేటోనివని ఇంటున్నం గని, మమ్ముల వాడ నీళ్లు తాగుమంటవా?"

"నేను తాగుమంటలేను పెద్దయ్యా, ఉన్న సంగతి చెప్తున్న. నీ మనుమరాలు పుడితె దాని ఒంట్ల బొక్కలు నిన్ను కులం అడగవు."

ఆ సాయంత్రం నేను అడగరాని ప్రశ్న అడిగాను. "అన్నా, గా నీళ్లు తాగితె నా నడుము లేస్తదా?"

ఎవరైనా అవునని ఊరడించేవారు. అన్న నా చేయి పట్టుకొని, తడబడకుండా చెప్పాడు. "లేవది చెల్లె. నీకు అబద్ధం చెప్పలేను. కని నీ ఎనుక పుట్టేటోళ్లకు వంగది."

జీవితంలో నన్ను ఎక్కువ ఏడిపించిన మాట అదే, ఎక్కువ నిలబెట్టిన మాటా అదే.

మరునాడు అన్న, అమ్మ, వదిన, వదిన వెంట పిల్లలు, వెనుక నేను కడవలతో మాదిగవాడకు పోయాము. బావి గట్టున ఎల్లవ్వ అడ్డం నిలబడింది. ఆ వాడకంతా పెద్దదిక్కు ఆమె.

"ఇన్నొద్దులు మా నీడ తగిల్తె తానం జేసిన్రు. ఇయ్యాల మా నీళ్లకొచ్చిన్రా బిడ్డా?" అన్నది. అన్న తల వంచుకొని, "తప్పు మాదే అవ్వా. నువ్వు పొమ్మంటె పోతం" అన్నాడు. ఆమె మా పిల్లల ముఖాలు చూసింది, నా కాళ్లు చూసింది. "నీళ్లకు ఎవ్వల్ని పొమ్మనొద్దు. కని చేద మేమే ఏస్తం. మీరు కడవలు పట్టున్రి. మేం పోసిన నీళ్లని ఊరంత తెలువాలె" అన్నది.

మా అమ్మ మొట్టమొదట కడవ పట్టింది.

మర్నాడే మాకు కులం వెలి పడింది. మంగలి రాలేదు, చాకలి రాలేదు, పొరుగువాళ్లు పొయ్యిలోకి నిప్పు ఇవ్వలేదు. సెలవు దొరికినప్పుడల్లా అన్న వచ్చి, వాకిట్లో కూర్చుని తన గడ్డం తానే గీసుకొని, ఇంటిల్లిపాది బట్టలు వీధి మొగదాకా కనిపించేలా ఉతికి ఆరేసేవాడు. "దాసుకునేటందుకు మనమేం తప్పు జేసినం?" అనేవాడు. మొదట కడుపుతో ఉన్న ఆడవాళ్లు చాటుగా ఆ బావికి వచ్చారు. తర్వాత పట్టపగలు వచ్చారు. వెలిని ఎవరూ ఎత్తివేయలేదు. అది దానంతటదే వీగిపోయింది.

ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు ఇప్పుడు నా బడిలో ఉన్నారు. తిన్నగా నిలబడి పాఠం ఒప్పజెబుతారు. తెల్లని పళ్లతో నవ్వుతారు. రాజమల్లయ్య మనుమరాలు అందరికంటె వేగంగా పరుగెత్తుతుంది. దేవత ఆగ్రహమే నిజమైతే ఈ పిల్లలను ఎందుకు విడిచిపెట్టిందో ఆ మాట పుట్టించినవాళ్లు వచ్చి నాకు చెప్పాలి.

మహోన్నతమైన పదవిని అందుకొని కూడా మట్టిని మరువనివాడు, ఆత్మీయుల కన్నీటికి వెరచి సత్యాన్ని సడలించనివాడు మా అన్న. అటువంటి మనిషి మళ్లీ వస్తాడని నన్నెవరూ ఓదార్చవద్దు. రాడు. ఆ శూన్యాన్ని శూన్యమని ఒప్పుకోవడమే అతనికి నేను చేయగలిగిన నమస్కారం.

మొన్న అన్నకు దినకర్మ జరిగింది. ఎల్లవ్వను, ఆమె వాళ్లను బంతిలో కూర్చోబెట్టామని తెలిసి రాజమల్లయ్య మనిషిని పంపాడు. వాళ్లను లేపితేనే కులమంతా భోజనానికి వస్తుందని కబురు. సగం విస్తర్లు ఖాళీగా ఉన్నాయి. వదిన మా అమ్మ ముఖం వైపు చూసింది.

"నా కొడుకే పోయిండు. ఇగ పోయెటోళ్లను పోనియ్యిండ్రి" అన్నది అమ్మ. "అన్నం సల్లగైతాంది, వడ్డించున్రి."

వడ్డించాము. ఎల్లవ్వ ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చుకోలేక, ఎంగిలి చేత్తోనే మా అమ్మను కావలించుకొని ఏడ్చింది.