బండ వెనక ప్రార్థన

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా రక్తం తీసే పని నాది. సూది చూసి కళ్లు తిరిగి పడిపోయే మగాళ్లను చాలామందిని చూశాను గానీ, దయ్యాన్ని మాత్రం చూడలేదు. జరిగింది చెబుతాను, దానికి పేరు మీరే పెట్టుకోండి.

పోయిన ఎండాకాలం మొదట్లో మా చర్చి ఆడవాళ్లం పదిమందిమి ఎల్బీనగర్ దాటాక ఉన్న అడవి పార్కుకు వెళ్లాం. జింకలను చూసి, చెరువు పక్కన పులిహోర తిన్నాం. తర్వాత అరగంట ఏకాంత ప్రార్థన. ఎవరికి వాళ్లు ఒక చెట్టు చూసుకుని కూర్చోవాలి. మాకు మనసులో ప్రార్థించడం చేతకాదు, గొంతెత్తాల్సిందే.

నేను కాస్త దూరంగా ఒక పెద్ద బండ నీడలో చెప్పులు విడిచి కూర్చున్నాను. మధ్యాహ్నం రెండు కావస్తోంది. మా అబ్బాయి ఇంటర్ పరీక్షల గురించి మొదలుపెట్టాను. బండకు అవతల ఇంకొకామె కూడా ప్రార్థిస్తోంది. పెద్ద వయసు గొంతు, మధ్యమధ్యలో దగ్గు. మావాళ్లలో ఎవరో అనుకున్నాను.

"తండ్రీ, మీర్‌పేట్‌ల కుట్టుమిషన్ మీద బతికే నీ బిడ్డ సునీతను యాది చేసుకో. ఆమె కిడ్నీల ఉన్న గడ్డను ముట్టు నాయనా."

సునీత నా చెల్లెలు. మీర్‌పేట్‌లో బట్టలు కుడుతుంది. దానికి ఏ జబ్బూ లేదు. నాకు ఒళ్లు మండింది. లేనిపోని పుకార్లు పుట్టిస్తున్నది ఎవరో తేల్చుకుందామని బండ చుట్టూ తిరిగి వెళ్లాను.

ఎవరూ లేరు. నేలంతా ఎండిన టేకు ఆకులు. నా అడుగుల కిందే అంత చప్పుడైంది, ఇంకెవరైనా లేచి వెళ్లి ఉంటే వినపడకుండా ఉండదు. గొంతు మాత్రం ఆగలేదు. ఇప్పుడది నేను లేచి వచ్చిన చోటి నుంచి వినపడుతోంది.

చెప్పులు, బైబిలు అక్కడే వదిలేసి పరిగెత్తాను. పాస్టరమ్మ నా ముఖం చూసి నీళ్లిచ్చింది. అటువైపు ఎవరు వెళ్లారని అడిగాను.

"గా బండ దిక్కు ఎవ్వరు పోలేదమ్మా, అందరం గీడనే ఉన్నం," అంది. నిజానికి అంత వయసు గొంతు మాలో ఎవరికీ లేదు.

మూడు రాత్రులు నిద్ర లేదు. నాలుగో రోజు చెల్లెల్ని బతిమాలి స్కానింగ్‌కు తీసుకెళ్లాను.

"మంచిగనే ఉన్న గదక్కా, ఉత్తగ పరేషాన్ చేస్తవేంది?" అని దారంతా సణిగింది.

ఎడమ కిడ్నీలో గడ్డ కనపడింది. తొందరగా దొరికింది కాబట్టి భయం లేదన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయింది. ఇప్పుడు మళ్లీ మిషన్ తొక్కుతోంది.

జరిగింది చెబితే చెల్లెలు నన్ను పట్టుకుని ఏడ్చింది. దేవుడే వినిపించాడంది. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పమని అందరూ వెంటపడుతున్నారు. ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాను.

ఎందుకంటే ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నేను పరిగెత్తేటప్పటికి ఆ ప్రార్థన అయిపోలేదు. "అట్లనే తండ్రీ, ఆ ఇంట్లనే ఇంకొక బిడ్డ..." అని మొదలైంది. భయంతో రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను.

చెల్లెలి ఇంట్లోవాళ్లకు, మా ఆయనకు, అబ్బాయికి, అమ్మకు, నాకు అన్ని పరీక్షలూ చేయించాను. ఏమీ లేదన్నారు. అయినా ప్రతి శనివారం వెళ్లి ఆ బండ పక్కన కూర్చుంటున్నాను. నెమళ్ల అరుపులు తప్ప ఏమీ వినపడదు. ఆ గొంతు ఎవరిదో నాకు ఈరోజుకీ తెలియదు, తెలియకపోయినా పర్లేదు. ఆ పేరు ఒక్కటి వినపడితే చాలు.