వంతెన ట్యాంకు ఓబులేసు గొంతు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ల ముఖం మీదే నవ్వే మనిషిని నేను. పోయినవాళ్లు తీర్పు దినం దాకా లేవరని మా చర్చిలో చిన్నప్పటినుంచీ విన్నాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సైన్యంలో నేను వంతెన ట్యాంకు నడిపేవాణ్ణి. దానికి ఫిరంగి ఉండదు, నెత్తిన మడిచిన ఇనుప వంతెన ఉంటుంది. కాలువ గట్టున నిలబెడితే ఆ వంతెన లేచి, విచ్చుకుని, అవతలి గట్టు మీద పడుతుంది. వెనకొచ్చే బండ్లన్నీ దాని మీదుగా దాటుతాయి. కానీ డ్రైవరుకు వంతెన అడ్డమొచ్చి ముందున్నది సరిగ్గా కనపడదు. పైనున్న కమాండరు చెవిలో ఏం చెబితే అదే దారి.

నా కమాండరు ఓబులేసు, పత్తికొండవాడు. నాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. హెడ్‌సెట్‌లో హిందీలోనే మాట్లాడాలని రూలు. మేమిద్దరమే ఉన్నప్పుడు సీమ మాటే నడిచేది. "రాప్పా, రా. దారి ఉండాది" అని వాడంటే కళ్లు మూసుకుని పోయేవాణ్ణి. సెలవుల్లో మా ఇంటికొచ్చి మా అమ్మ చేతి సంగటి తిన్నవాడు. నా సొంత అన్నను కూడా అంతగా నమ్మలేదు.

ఒక యుద్ధాభ్యాసంలో వాడు అలాగే రా రా అన్నాడు. గట్టు విరిగి ట్యాంకు కాలువలోకి జారింది. కింద జెండా ఊపుతున్న సిపాయికి కాలు పోయింది. విచారణలో ఓబులేసు నా పక్కనే నిలబడి, నా ముఖం చూడకుండా, "నేను ఆగమన్నాను, ఇతనే వినలేదు" అన్నాడు. మా సీమ మాట అక్కడ ఇంకెవరికీ అర్థం కాదు కదా, ఇక సాక్ష్యం చెప్పేదెవరు? నన్ను ఇంటికి పంపేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అప్పటినుంచి సిమెంటు లారీ నడుపుతున్నాను. వాడితో మాటల్లేవు.

పోయిన వానాకాలం, ఒక మధ్యాహ్నం, లోడుతో ఆత్మకూరు వైపు పోతున్నాను. వంక పొంగి కల్వర్టు మీద ఎర్రనీళ్లు పారుతున్నాయి. పెద్ద లోతు లేదు. కాసేపటి క్రితమే బస్సు దాటిందని అక్కడివాళ్లు చెప్పారు. నేనూ గేరు వేశాను.

అప్పుడు వినిపించింది. ఎడమ చెవిలో, ఆ హెడ్‌సెట్ గరగరతో సహా.

"రాప్పా, రా. దారి ఉండాది."

క్లీనరు లేడు. ఫోను ఛార్జింగ్ అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. అద్దాలు మూసే ఉన్నాయి. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. "థూ! నీ మాట మళ్లీ నమ్ముతాననుకున్యావా?" అని అరిచి బ్రేకు తొక్కాను.

వెనక లారీ డ్రైవరు దిగొచ్చాడు. "ఏమప్పా, పోతాండావా, ఈడే కాపురం పెడతావా?" అని ఎగతాళి చేశాడు. మనసెందుకో ఒప్పడం లేదన్నాను. ఇద్దరం చెరో కట్టె తీసుకుని నీళ్లలో పొడుచుకుంటూ నడిచాం. నాలుగడుగులు వేశామో లేదో నా కట్టెకు నేల తగల్లేదు. నీళ్ల కింద కల్వర్టు సగం కొట్టుకుపోయి ఉంది.

ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "నీకు దేవుడుండాడప్పా" అన్నాడు.

సాయంత్రం ఫోను ఛార్జింగ్ పెట్టగానే ఓబులేసు భార్య ఫోన్ చేసింది. వాడు శానా రోజులుగా మంచంలో ఉన్నాడట. ఆ మధ్యాహ్నమే పోయాడట.

"పొయ్యేముందు రా రా అని ఒకటే పిలుస్తా ఉండె అన్నా. ఎవర్ని పిలుస్తాండాడో మాకు తెలీలా. నువ్వన్నా వస్తావా?" అని ఏడ్చింది.

నేను పోలేదు.

మా చర్చి అయ్యగారికి చెబితే అలసట వల్ల అలా అనిపించి ఉంటుందన్నారు. అయ్యుండొచ్చు. కానీ పోతూ పోతూ నన్నూ తీసుకుపోదామని పిలిచాడా, లేక తను రా అంటే నేను ఆగుతానని తెలిసే పిలిచాడా? ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు. "ఆగప్పా" అని ఒక్క మాట అనుంటే అన్నీ మరిచిపోయి వాణ్ణి క్షమించేవాణ్ణి. ఆ మాట బతికుండగా అనలేదు, చచ్చాకా అనలేదు.