మడతల ఆదివారం

మొన్న మా చిన్న కోడలు బజారుకి వెళ్ళి నాకొక కొత్త పంచె తెచ్చింది. మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఈ రోజుల్లో అంత గంజి పెట్టేవాళ్ళు లేరనుకున్నాను, చీరాల మగ్గం మీద నేసినదట. పంచె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నచ్చలేదా మామయ్యగారూ అని కోడలు అడిగింది. నచ్చిందమ్మా, ఈ వాసన వస్తే నాకు దేవసహాయం గారు వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది అన్నాను. ఆ పేరు తను ఎన్నోసార్లు విన్నదే. నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన గురించి నేను చాలా చోట్ల చాలా రకాలుగా చెప్పాను. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పినప్పుడు ఆయన ఆరడుగుల మనిషి, గొంతు విప్పితే తెనాలి బజారంతా నిలబడిపోయేది. నిజానికి ఆయన నా భుజం దాకా వచ్చేవారు. గొంతు ఏడాది పొడుగునా జలుబు చేసినట్టే ఉండేది. కాగితం మీద రాస్తున్నాను గనుక, పెంచి చెప్పినదాన్ని ఎక్కడికక్కడ నేనే తగ్గించుకుంటూ పోతాను.

అరవయ్యో దశకం చివర్లో బాపట్లలో బి.ఏ. పాసయ్యాను. మా వీధి మొత్తానికి నేనే మొదటి బి.ఏ.ని. మా వీధిలో ఉన్నవి అయిదారు ఇళ్ళేనని ఇక్కడ ఒప్పుకోవాలి. డిగ్రీ చేతికి వస్తే ఉద్యోగం గుమ్మంలోకి వస్తుందని మా నాన్న నమ్మారు, నేను ఆయనకంటే గట్టిగా నమ్మాను. గుంటూరు వెళ్ళి పేరు నమోదు చేయించుకుని పిలుపు కోసం ఎదురుచూశాను. జంపనిలో గుమాస్తా పని ఉందంటే వెళ్ళాను, కాకుమానులో మాస్టారి పని ఉందంటే వెళ్ళాను. రెండు చోట్లా మజ్జిగ ఇచ్చి పంపించారు. చివరికి నాన్న తనకు తెలిసిన తెనాలి షావుకారు గారి బట్టల కొట్లో నన్ను చేర్పించారు. బి.ఏ. చదివి చీరలు విప్పి చూపించడమా అని రైల్లో ఏడుపొచ్చింది. ఏడవలేదు, పక్కన తెలిసినవాళ్ళున్నారు.

ఆ కొట్లో పెద్ద గుమాస్తా దేవసహాయం గారు. గంజి పెట్టిన తెల్ల లాల్చీ, చెవిలో అత్తరు దూది, మెట్టెక్కుతున్న ఆడమనిషి నడక చూసి ఆవిడ ఏ రంగు కొంటుందో చెప్పగలనని గొప్పలు. సగం సార్లు తప్పేవారు. తప్పితే, ఆవిడే పొరపాటు రంగు కొనుక్కుపోయిందనేవారు. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, ఏం చదివావని అడిగారు. చెప్పాను. "అయితే బి.ఏ. గారూ, ముందు కూర్చోవడం నేర్చుకోండి" అన్నారు. తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద పొద్దున్నించి రాత్రి దాకా బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో సాయంత్రానికి తెలిసింది. లేవబోతే కాళ్ళు లేవలేదు. ఆయన నవ్వలేదు. తన చెయ్యి అందించి లేపారు. ఆ తర్వాత నవ్వారు.

ఆదివారం వారపు సెలవు. అంటే, వీధి వైపు చెక్క పలకలు బిగించి ఉండేవి. గుమాస్తాలం మాత్రం దొడ్డిదారిన లోపలికి వెళ్ళి, వారమంతా విప్పి పడేసిన చీరల్ని మధ్యాహ్నం దాకా మడతలు పెట్టేవాళ్ళం. దాన్ని పని అనేవారు కాదు. మేడ మీద కాపురముండే షావుకారు గారి తల్లి, మేమంతా పెద్దమ్మగారనేవాళ్ళం, ఆరోజు మాకు జీడిపప్పు వేసిన ఉప్మా చేసి పంపేవారు. "ఇది కొట్టేంటయ్యా, మన ఇల్లు. ఇంట్లో మన బట్టలు మనం మడత పెట్టుకోమూ" అనేవారు షావుకారు గారు. తనిఖీకి వచ్చే లేబరు ఆఫీసరు తలుపు తట్టినా అదే చెప్పేవారు, మనవాళ్ళు టిఫిన్‌కి వచ్చారండీ అని. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అనేవారు, దానితోనే వచ్చింది చిక్కంతా.

ఈ దుర్మార్గాన్ని చూసి నా రక్తం ఉడికిపోయిందని మా మనవలకి చెప్పాను. ఉడకలేదు. నాకా ఉప్మా అంటే ప్రాణం. గదిలో ఒంటరిగా ఉండే కుర్రవాడికి ఆదివారం పొద్దున ఇంకేం కావాలి?

కావలసింది దేవసహాయం గారికి. ఆయన భార్య రేపల్లెలో టీచరు. పిల్లలతో అక్కడే ఉండేది, ఈయన తెనాలిలో గది తీసుకున్నారు. మడతలు ముగించి రేపల్లె బండి పట్టుకునేసరికి చర్చిలో ఆరాధన అయిపోయేది. ఆయన చిన్నకూతురు రూతు అప్పటికి కొంతకాలంగా అక్కడ పాటలు పాడుతోంది. ఒకరోజు చీర కొంగు సరిచేస్తూ, నా వైపు చూడకుండా అన్నారు: "మా చిన్నది బాగా పాడుతుందట. రేపల్లంతా విన్నారయ్యా, నేను తప్ప."

ఆ సంగతి షావుకారు గారి చెవిన పడింది. ఆయన దేవసహాయం గారిని పక్కకి పిలిచి, నువ్వు ఆదివారాలు వెళ్ళు, నీ ఒక్కడికే ఇస్తున్నాను, మిగతావాళ్ళకి చెప్పకు అన్నారట. ఈయన వద్దండి అని వచ్చేశారు. నాకు మతిపోయింది. అడక్కుండానే ఇస్తుంటే వద్దనడమేంటండీ అన్నాను.

"ఆయన దయ తలిచి ఇస్తే, కోపమొచ్చిన రోజున తీసేసుకుంటారు. ఇవాళ నేను ఆ దయ పుచ్చుకుంటే రేపు నువ్వు అడిగినప్పుడు నీ పక్కన నిలబడే మొహం నాకుంటుందా? ఇంగ్లీషు చదివావుగా, కొట్లలో పనిచేసేవాళ్ళ సెలవు గురించి చట్టంలో ఏముందో చూసి రా."

తెలిసిన ప్లీడరు గారింటికి వెళ్ళి చట్టమంతా బట్టీపట్టానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. చదివింది ఒక పేజీ. అదృష్టవశాత్తూ సెలవు సంగతి ఆ పేజీలోనే ఉంది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, అది యజమాని ఇచ్చే బహుమతి కాదు, పనివాడికి ఉన్న హక్కు అని వచ్చి చెప్పాను. అలా చెబుతుంటే, బి.ఏ.లో చదివినదేదీ అంత సూటిగా ఒక మనిషికి పనికిరాలేదని తోచి, కాస్త ఛాతీ విరిచాను. ఫిర్యాదు రాద్దామన్నాను. దేవసహాయం గారు తల అడ్డంగా ఊపారు. ఆఫీసరు వస్తే మళ్ళీ టిఫిన్ కథే చెబుతారు, మనమూ ఔనంటాం, నోట్లో ఉప్మా ఉంటుంది కదా అన్నారు. చేతిలో చీర మడత ముగించి, "ఇల్లు అంటున్నారుగా. అయితే ఇంట్లో ఉన్నట్టే ఉందాం. వచ్చే ఆదివారం ఎవరి పెళ్ళాంపిల్లల్ని వాళ్ళు తీసుకురండి" అన్నారు.

ఈ ఉపాయం నాదేనని చాలామందికి చెప్పాను. కాదు. నేను చేసిందల్లా భయపడటం. షావుకారు గారు కోప్పడి పొమ్మంటే ముందు పోయేది కొత్తవాణ్ణి నేను. బాపట్ల వెళ్ళి నాన్నకి మొహం ఎలా చూపించను? ఆ మాటే అన్నాను. పొమ్మంటే ముందు పోయేది నేనయ్యా, ఈ ఉపాయం తెచ్చింది నేనుగా అన్నారాయన. ఆడపిల్లల తండ్రి, నడివయసు దాటిన మనిషి, ఇంకో కొట్లో ఆ గౌరవం మళ్ళీ దొరకదు. తెలిసే అన్నారు.

ఆ ఆదివారం పొద్దున దొడ్డిదారిన జనం రావడం మొదలైంది. గుమాస్తాల భార్యలు, చంకల్లో పిల్లలు, ఒకాయన అత్తగారు కూడా. నాకు పెళ్ళి కాలేదు గనుక మా అద్దెగది ఇంటావిడ సీతమ్మ పిన్నినీ ఆవిడ పిల్లల్నీ తెచ్చాను. మొదటి బండికి రేపల్లె నుంచి దేవసహాయం గారి భార్యా కూతుళ్ళూ దిగారు. షావుకారు గారు మెట్ల మీద నిలబడి, ఇదేంటి దేవసహాయం, ఇదేంటి అని రెండుసార్లు అన్నారు.

"మన ఇల్లే కదండీ. వీళ్ళు కూడా చూస్తామంటే తీసుకొచ్చామండి" అన్నారీయన, చేతులు కట్టుకుని.

ఈలోపు పిల్లలు పరుపుల మీద పల్టీలు కొడుతున్నారు. ఆడవాళ్ళు మేం మడత పెట్టిన చీరల్ని మళ్ళీ విప్పి, ఈ అంచు ఎంత బాగుందో చూడవే వదినా అంటూ భుజాల మీద వేసుకుంటున్నారు. అమ్ముదామంటే సెలవు, వద్దందామంటే ఇల్లు. సీతమ్మ పిన్ని చిన్నవాడు తెల్ల దుప్పటి మీద నిశ్చింతగా తన పని తాను కానిచ్చాడు. షావుకారు గారు కళ్ళు మూసుకున్నారు.

సందడి విని పెద్దమ్మగారు మేడ దిగి వచ్చారు. అంతమందిని చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇంతమంది వస్తున్నారని ముందే చెప్పవేంరా అని కొడుకుని కసిరి, మళ్ళీ రవ్వ వేయించమని పైకి కేక పెట్టారు. టిఫిన్‌కి కూర్చున్నప్పుడు దేవసహాయం గారు ఎప్పుడూ వరసకి చివర, కాస్త ఎడంగా కూర్చునేవారు. ఎవరూ చెప్పకపోయినా అలా జరిగిపోయేది, మేమూ చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళం. ఆరోజు ఆయన భార్య పిల్లల్ని తీసుకుని తిన్నగా వరస మొదట్లో కూర్చుంది. పెద్దమ్మగారు ఒక్క క్షణం గరిటె పట్టుకుని నిలబడ్డారు. తర్వాత అక్కడినుంచే వడ్డన మొదలుపెట్టారు.

టిఫిన్లయ్యాక ఆవిడే, నువ్వు పాడతావటగా, ఏదీ ఒక పాట పాడవే తల్లీ అని రూతుని దగ్గరికి పిలిచారు. ఆ పిల్ల సిగ్గుపడింది, తల్లి వైపు చూసింది, తర్వాత చీరల బొత్తుల మధ్య నిలబడి ఆ వారం చర్చిలో పాడాల్సిన పాట పాడింది. పలకలు బిగించి ఉన్న కొట్లో గాలి లేదు, వెలుతురు అంతంతమాత్రం. అందరి చేతులూ ఆగిపోయాయి. దేవసహాయం గారు మాత్రం తల వంచుకుని ఒకే చీరని మడత పెడుతున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ పెడుతున్నారు. ఆయన చేతిలో మడత వంకరపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

పాట అయ్యాక షావుకారు గారు గొంతు సవరించుకున్నారు. "వచ్చే ఆదివారం ఎవరూ రావద్దు" అన్నారు. సీతమ్మ పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆయన దేవసహాయం గారి వైపు చూడకుండా, "సోమవారం రండి. మడతలు సోమవారం పొద్దున్న చూసుకుందాం" అని గబగబా మేడెక్కిపోయారు. పెద్దమ్మగారు ఉప్మా చెయ్యడం పోతుందే అని బాధపడ్డారు. నిజం చెప్పాలంటే నేనూ పడ్డాను.

ఆ సోమవారం కొట్లోకి రాగానే దేవసహాయం గారు, నిన్న ఏం చేశావు బి.ఏ. గారూ అని అడిగారు. సిగ్గుపడుతూ, ఏమీ చెయ్యలేదండి, సాయంత్రం దాకా నిద్రపోయాను అన్నాను. పోరాడి సంపాదించుకున్న రోజుని పాడుచేశానని తిడతారనుకున్నాను.

"నేనూ అంతేనయ్యా" అన్నారాయన గొంతు తగ్గించి. "చర్చిలో ముందు బల్ల మీద కూర్చున్నానా, పాట ఎత్తుకోకముందే కళ్ళు మూతపడ్డాయి. అంతా అయ్యాక మా చిన్నది వచ్చి లేపింది."

అయ్యో, ఇంత చేసీ వినలేకపోయారా అన్నాను.

"వచ్చే ఆదివారం వింటాను. తొందరేముంది, అది నాదేగా."

తర్వాత చాలా ఏళ్ళు గుమాస్తాల సంఘంలో పనిచేశాను. జిల్లా అంతా నా పేరు చెబితే షావుకార్లు వణికేవారని అంటుంటాను. వణకలేదు, కాఫీ ఇచ్చేవారు. కానీ సెలవు అడగడానికి భయపడి, చెల్లెలి పెళ్ళి అని చెప్పనా, జ్వరమని చెప్పనా అంటూ నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రవాడితోనూ ఒకటే మాట చెప్పాను: కారణం చెప్పకు, నిద్రపోవాలనుందని చెప్పు. ఆ ఒక్క మాటలో మాత్రం నేను పెంచింది లేదు, తగ్గించింది లేదు.