పెద్ద నర్సమ్మగారి కోపం

బందరు ఆస్పత్రిలో నాకు పని నేర్పిన పెద్ద నర్సమ్మగారికి కోపం వస్తే గొంతు తగ్గిపోయేది.

గర్భం తీయడం నేరమైన రోజులవి. దివిసీమ నుంచి చేపలమ్ముకునే ఒకామె వచ్చింది. నలుగురు పిల్లల తల్లి. ఇంకో కాన్పయితే బతకనని డాక్టరుగారి కాళ్ళు పట్టుకుంది. "చట్టం ఒప్పుకోదమ్మా" అని ఆయన పంపేశారు. పదిరోజులకి, ఊళ్ళో మంత్రసానిచేత పుల్ల పెట్టించుకుని, కాలిపోతున్న ఒంటితో మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నానికి పోయింది.

"ఎవరు చేశారండీ ఈ పని?" అంటూ హెడ్డు కానిస్టేబులు పుస్తకం తెరిచాడు.

"ముందు మా దగ్గరికే వచ్చిందండీ. మేమే పొమ్మన్నాం. మా పేర్లు రాసుకోండి," అన్నారు నర్సమ్మగారు. ఆ మాట వినడానికి అతను ముందుకు వంగాల్సొచ్చింది.

విన్నాడు. రాయలేదు. మర్నాడు మంత్రసానిని పట్టుకుపోయారు.