విచారించను వచ్చినాయప్పకు నేను చెప్పిన మాట

నా గొంతు మొదుట్నుంచీ బొంగురే. అయితే ఒక మాట చెప్పిన దినం నుంచీ, పాట పాడినా, ప్రార్థన చేసినా, ఆ మాట అడ్డం పడతానే ఉండాది. శానా ఏండ్లాయ. ఇంక మోయలేను.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తాంటే ఇంకొకామె రాస్తాండాది. మీకు నేనెవురో తెలీదు. తెలీదు కాబట్టే చెప్తాండా. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడతా, జరం తగ్గిందనో, వాన పడిందనో చెప్పి కూర్చుంటా. ఇది మాత్రం రాదు.

మాది ఆళ్ళగడ్డ. ఆయన పోయినంక ఒక్కదాన్నే. షుగరు. పొద్దున్నే కడుపుకు సూది పడాల. సూదిని చూస్తే నాకు భయం, సొంతంగా వేసుకోలేను. పక్కింటి పిల్ల వచ్చి వేసేది. పేరు ప్రమీల అనుకోండి. డిగ్రీ చదివింది. "కదలాకు పెద్దమ్మా, నేనేమన్నా కోడిని కోస్తాండానా?" అని నవ్విస్తానే పొడిచేసేది.

నంద్యాలలో ఆడోళ్ళ గ్రూపులకు అప్పులిచ్చే కంపెనీ ఒకటి దాన్ని ఇంటర్వ్యూకి పిలిచింది. మొదటి బస్సుకే పోయింది. సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా ఇడవకుండా నా మంచం మీద కూర్చోని అంతా చెప్పింది. మేడ మీద వరండాలో కూర్చోబెట్టినారంట. లోపలికి పోయినోళ్ళు ఇంకో దావన దిగిపోతారంట, ఏమడిగినారని అడిగేకి కూడా కుదరదంట. బండి వచ్చునా అని, ఆఫీసు ముందర తోలి చూపించమన్నారంట. గేటు దాకా పోయి తిప్పుకోని వచ్చిందంట. అప్పు కట్టనోళ్ళు తిడితే ఏం చేస్తావంటే, "మా వీధిలో తిట్లు వినే పెరిగినా సార్" అనిందంట. అందరూ నవ్వినారంట. ఆఖరున, పెండ్లి కుదిరిందా, మధ్యలో ఇడిచిపెట్టి పోతావా అని అడిగినారంట. కుదరలేదు సార్, ఇప్పుట్లో చేసుకోను అని చెప్పిందంట.

"వచ్చినట్లే పెద్దమ్మా. పాణ్యంలో పని. ఆఫీసు పైనే ఆడపిల్లలకు రూమిస్తారంట, ఆడ్నే ఉండాల."

మంచిదేలేమ్మా అన్నా. మనసులో మాత్రం ఒకటే దిగులు. రేపట్నుంచి నాకు సూది ఎవురేస్తారు?

దుడ్లు చేతికిచ్చే పని గదా, ఎంచుకున్నోళ్ళ ఇంటికాడికి ఒక మనిషి వచ్చి చుట్టుపక్కల విచారించుకోని పోతాడంట. అది నాకు తెలీదు. ఆ పొద్దు వాళ్ళింట్లో అందరూ శనగ కోతకు పోయినారు. బ్యాగు తగిలించుకోని ఒకాయప్ప బండి దిగి నా గడప ముందర నిలబడినాడు. నీళ్ళిచ్చినా. ప్రమీలకు పనిచ్చే కంపెనీ నుంచి వచ్చినానన్నాడు.

"ఆ పిల్ల ఎట్లాంటిదమ్మా?"

"మంచిదేనప్పా."

"పనిలో పెట్టుకుంటే నిలబడతాదా?"

అప్పుడు నోరు మూసుకోని ఉండొచ్చు. ఉండలా.

"యాడ నిలబడతాదప్పా? పెండ్లి కుదిరింది గదా, అనంతపురం సంబంధం. వచ్చే నెలలో పోతాది."

"కుదరలేదని మాకు చెప్పింది గదమ్మా?"

"అట్లాంటివి చెప్పుకుంటారా యాడన్నా?" అన్నా. నవ్వినా కూడా.

పెండ్లీ లేదు, సంబంధమూ లేదు. అనంతపురం నేను చూసిందే లేదు. ఆ ఊరు నా నోటికి యాట్నుంచి వచ్చింది? దొంగది అని చెప్పింటే ఆయప్ప ఇంకో ఇంట్లో అడిగేవాడేమో. పెండ్లి అంటే ఎవురు అనుమానపడతారు? నాకు అది తెలుసా, తెలిసే అట్ల అన్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నా, తెలుసనే వస్తాది జవాబు.

కంపెనీ నుంచి ఫోను రాలా. ప్రమీల చేస్తే, మేమే చెప్తామన్నారు. తర్వాత ఎత్తేదే మానేసినారు. ఎందుకు వద్దన్నారో ఎవురూ చెప్పలా. చెప్పకపోతే మనిషి ఏం చేస్తాది? తనలోనే ఎతుక్కుంటాది. పొద్దున సూది చేతిలో పట్టుకోని అడిగేది. "తిట్ల మాటకు నవ్వినారు గదా పెద్దమ్మా, ఎగతాళేమో? బండి తిప్పేటప్పుడు కాలు కింద పెట్టినా, అది చూసినారేమో? పెండ్లి సంగతి చెప్పేటప్పుడు తల వంచుకున్నా. అబద్ధమనుకున్నారేమో?"

నేను కడుపు చూపించి పండుకోని, ఏమోమ్మా అంటా ఉన్నా.

ఒకనాడు ఆడోళ్ళ ప్రార్థన కూడికలో లేచి, "నాలో ఏం లోపం ఉండాదో దేవుడు చూపించేటట్ల ప్రార్థన చేయండి" అని అడిగింది. అందరూ నన్నే చేయమన్నారు. దాని నెత్తి మీద చెయ్యి పెట్టినా. ప్రభువా, ఈ బిడ్డలో ఉన్న లోపం ఈ బిడ్డకు చూపించు అని, ఈ బొంగురు గొంతుతోనే గట్టిగా అడిగినా. అందరూ ఆమెన్ అన్నారు. అది కూడా ఏడుస్తా ఆమెన్ అనింది. ఆ పొద్దు గడప కాడ అబద్ధం చెప్పింది భయంతోననుకుంటా. మరి ఇది దేంతో?

తర్వాత వేరే చోట్ల నుంచి పిలుపులొచ్చినాయి. పోలా. నాకు మాట్లాడేది రాదు అనింది. ఇప్పుడు ఈ ఊర్లోనే గుడ్డల అంగట్లో చీరలు మడతలు పెడతాండాది. కొనేకొచ్చినోళ్ళు ఏమన్నా అడిగితే పక్క పిల్లను పిలుస్తాదంట. సార్లందర్నీ నవ్వించి వచ్చిన పిల్ల.

ఇంకొకటి ఉండాది. నంద్యాల ఆసుపత్రిలో నన్ను చేర్చినప్పుడు నర్సమ్మ నా చేతనే సూది వేయించింది. వచ్చేసింది. పొయ్యి మీద పాలు పొంగేంత సేపు కూడా పట్టలా. ఇంతేనా అనుకున్నా. దీనికోసరమా నేను ఆ పని చేసింది? నేర్చుకున్న సంగతి ప్రమీలకు చెప్పలా. ఇప్పుటికీ అదే వచ్చి వేసి, అంగడికి పోతాది.

ఈ పొద్దు కూడా చెప్పాలని నోరు తెరిచినా. "నొప్పా పెద్దమ్మా?" అనింది. లేదన్నా.

మన్నించమని మిమ్మల్ని అడగడంల్యా. అది మీరు చేసేది కాదు. ఆ పొద్దు ఆయప్పకు చెప్పాల్సింది ఒక్కసారన్నా నా నోటితో బయటికి రావాల, అంతే. రాయమ్మా. అప్పా, ఆ పిల్లకు పెండ్లి కుదరలేదు. మీకు నిజమే చెప్పింది. పెట్టుకోండి, నిలబడతాది. నా సూది నేనేసుకుంటా.