బొజ్జయ్య లంఖణం

“...పెట్టాను, ఒప్పుకుంటున్నాగా! అయినా అది తిండే కదా వదినా, విషమేమన్నా పెట్టానా?”

“ఎన్ని బకెట్లు?”

“లెక్కపెట్టి పెట్టడానికి వాడేమన్నా మనింటికొచ్చిన చుట్టమా? మంట తగ్గిందంటే నీరసపడ్డాడనుకున్నా. ఇంకో రెండు ఎక్కువేశా.”

క్యాంటీన్ వెనక గోడ దగ్గర వదినా ఆడపడుచులు పోట్లాడుకుంటుంటే, ఆ ‘వాడు’ ఇద్దరి మధ్యా ఉబ్బి కూర్చున్నాడు. వాడు మనిషి కాదు. సగం నేలలోకి దించిన సిమెంటు తొట్టి, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. కూరగాయల తొక్కలూ మిగిలిన అన్నమూ లోపల కుళ్లి గ్యాస్ పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది. ఆ గ్యాస్ గొట్టం వెంట వంటగదిలోకొచ్చి పొయ్యిలో మండుతుంది. మొదటిసారి డ్రమ్ము లేచిన రోజే, అదే వంటగదిలో పనిచేసే ఆడపడుచు దానికి బొజ్జయ్య అని పేరు పెట్టేసింది.

వదిన ఈ ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటపెద్ద. కూరగాయలు తరగడానికి చేరి ముప్పై ఒక్కేళ్లయింది. కట్టెల పొగకు కళ్లు మండించుకుంది. కిరోసిన్ రోజుల్లో ఆమె చీరంతా ఆ వాసనతో ఇంటికి రాగానే మొగుడు అగ్గిపెట్టె జేబులో దాచుకునేవాడు. తర్వాత సిలిండర్లొచ్చాయి. పొయ్యి ఏదైనా అలవాటు పడింది గానీ, మూడువందల మంది తిని లేచాక మిగిలింది పారబోయడం మాత్రం ఆమెకు ఎన్నడూ అలవాటు కాలేదు. అందుకే ఏడాదిపాటు మేనేజరు గది గుమ్మం అరగదీసి మరీ బొజ్జయ్యను తెచ్చుకుంది.

రోజుకు రెండు బకెట్లు, ఒక్క పొయ్యి. తొట్టి కట్టిన మేస్త్రీ చెప్పింది అంతే. ఏడు నెలలు అలాగే నడిచింది. ఈలోగా మేనేజరుకు ఉత్సాహం పుట్టింది. ఒక్క పొయ్యి వెలిగినప్పుడు మూడెందుకు వెలగవన్నాడు. ‘సిలిండర్ లేని వంటగది’ అని బోర్డు రాయించి తలుపుమీద కొట్టించాడు. శనివారం చూడ్డానికి రమ్మని పెద్దాఫీసు వాళ్లను పిలిచాడు. వంటపెద్ద కాదనలేదు. రెండు బకెట్లు నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి. ఇప్పుడు డ్రమ్ము నిండా గ్యాసే, కానీ అగ్గిపుల్ల చూపిస్తే మంట ఒకసారి ఉలిక్కిపడి చచ్చిపోతోంది.

పోట్లాట విని మేనేజరే వచ్చాడు.

“అమ్మా, శనివారానికి ఇది వెలగలేదో, ఆదివారం పాతసామాన్లవాడొస్తాడు. నా పరువు పోయాక ఇదెందుకు?”

“సోమవారమే కదండీ ఇవాళ. పరువుకింకా ఐదు రోజుల గడువుంది” అంది ఆడపడుచు. ఆయన వినపడనట్టే వెళ్లిపోయాడు.

వంటపెద్ద తొక్కలు వేసే గొట్టం మూత తీసి, వంగి వాసన చూసింది. వేడికి పులిసి పొంగిపోయిన పిండి వాసన. ముక్కు చిట్లించి, నడుం పట్టుకుని లేచింది.

“నీరసం కాదే అమ్మాయ్. అజీర్తి. తిండెక్కువై లోపలంతా పులిసింది, ఆ గ్యాస్ మండదు.”

“తొట్టికి అజీర్తేంటి!”

“మనమే చేశాం. మీ అన్నయ్యకు కడుపుబ్బరమైతే ఏం చేస్తాం?”

“నువ్వైతే ఇంకో ముద్ద కలుపుతావు.”

వంటపెద్దకు నవ్వాగలేదు. ఆడపడుచన్నది నిజమే. ముప్పై ఒక్కేళ్లలో ఏ జబ్బుకైనా ఆమెకు తెలిసిన మందు ఇంకాస్త వడ్డించడమే. ఆకలి అన్నవాణ్ని క్యాంటీన్ గుమ్మంలోంచి ఒట్టి కడుపుతో పంపింది లేదు.

“లంఖణం పరమౌషధం అన్నారు. శుక్రవారం దాకా గింజ వేయకూడదు” అంది చివరికి.

పాలవాళ్ల కొట్టం నుంచి రెండు బకెట్ల పేడ తెప్పించి, అరుగుదలకని నీళ్లలో కలిపి పోసింది. మర్నాడు పులుపు విరగడానికి కాస్త సున్నపుతేట పోసింది. అంతే. మూడు పొయ్యిలకూ సిలిండర్లు తగిలించింది. తొక్కలన్నీ మొక్కల ఎరువు గుంతలోకి పోయాయి. అవి అటు పోతుంటే ఆమె మొహం తిప్పుకునేది.

బుధవారం మధ్యాహ్నం తొట్టి దగ్గర చప్పుడైతే వెళ్లి చూసింది. ఆడపడుచు కొంగు చాటున గిన్నె.

“ఏంటది?”

“ఏం లేదు. పిడికెడు అన్నం. పాపం, మూడు రోజులైంది వదినా...”

“గిన్నె ఇలా ఇవ్వు. లేకపోతే నువ్వూ వాడితోపాటే పస్తుంటావు.”

గిన్నె చేతికొచ్చాక వంటపెద్ద గొట్టం మూత మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత అన్నం తీసుకెళ్లి గుంతలో వేసింది.

శుక్రవారం పొద్దున గొట్టం దగ్గర పులుపు వాసన లేదు. ముందు పాత గ్యాసంతా బయటికి వదిలేశారు. డ్రమ్ము అడుక్కి దిగి, సాయంత్రానికి జానెడు లేచింది. ఆడపడుచు అగ్గిపుల్ల గీసి, కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. పొయ్యి చుట్టూ నీలంగా మంట లేచి నిలబడింది.

“పత్యం ఇప్పుడు పెట్టొచ్చా?” అంది కళ్లు తెరుస్తూ.

“అర బకెట్. కొలిచి వెయ్యి.”

శనివారం పెద్దాఫీసు నుంచి ముగ్గురొచ్చారు. బొజ్జయ్య మంటమీద కాచిన టీ తాగారు. వాళ్లలో పెద్దావిడ వంగి పొయ్యిలోకి చూసి, తలెత్తి అడిగింది.

“బాగా మండుతోందే! మరి మిగతా రెండు పొయ్యిల కింద సిలిండర్లున్నాయేం?”

మేనేజరు దగ్గాడు. వంటపెద్ద చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

“అవి ఉంటాయండీ. వీడికి రోజుకు రెండు బకెట్లే. ఒక్క పొయ్యే. అంతకుమించి ఎవరు చెప్పినా వెయ్యను. పాతసామాన్లవాణ్ని రావద్దని కబురు పంపించాను మేనేజరుగారూ. తలుపుమీది మీ బోర్డు కూడా పొద్దున్నే ఊడదీశాను, మొక్కల గుంతకు మూత లేకపోతే దాంతో కప్పాను.”