శేఖర్ ఆఖరుసారి చూసిన వీడియో

నిన్న పొద్దుగాల శేఖర్ వాళ్ల అక్క ఫోన్ చేసింది.

"తమ్మి, శేఖర్ పోయిండురా" అన్నది.

నేను "యాడికి పోయిండక్కా?" అని అడిగిన.

అట్లెట్ల అడిగిన్నో ఏమో. ఆమె ఏడ్సుకుంటనే ఫోన్ పెట్టేసింది.

నిన్నటి సంది మన కోస్గి గ్రూప్ నిండ మీ ఏడుపు ఎమోజీలే. "లెజెండ్" అట. "ట్రాక్టర్ మెకానిక్‌కు రేస్ కార్ కావాల్నట" అని నవ్విన నోర్లే గివన్ని.

అవును, ట్రాక్టర్ మెకానికే.

షెడ్డు ఎనుక ఒక పాత డీజిల్ కారు తెచ్చి పెట్టుకున్నడు. మూడేండ్లు దానికే పాణం పెట్టిండు. పెద్ద టర్బో ఎక్కించిండు. సైలెన్సర్ మార్చిండు. ల్యాప్‌టాప్ పెట్టి ఇంజన్ ట్యూన్ చేసుడు సొంతంగ నేర్చుకున్నడు.

వాడు నడిపితే నేను పక్కసీట్ల కూసొని ల్యాప్‌టాప్ మీద నంబర్లు చదివెటోన్ని.

ఒకరోజు పొద్దుగాల మహబూబ్‌నగర్ రోడ్డు మీద బండి నల్లపొగ లేకుండ, ఒక్క జర్క్ లేకుండ గుంజింది. పక్కకు ఆపి స్టీరింగ్ మీద తలకాయ పెట్టి ఏడ్చిండు.

"దొరికిందిరా" అన్నడు. గంతే.

అదే రోజు వాళ్ల బాపును ఎక్కించుకొని కందిచేను దాక తీస్కపోయిండు. రోజూ తిట్టే బాపు దిగినంక బానెట్ మీద చెయ్యేసి, "మంచిగనే చేసినవ్‌రా" అన్నడు.

పోయిన వారం వాన పడ్డ నేల మీద జాకీ పెట్టి కారు కిందికి దూరిండు.

జాకీ ఒరిగింది.

దవాఖానల ఆరు రోజులు.

రెండో రోజు బాపు గడ్డపార తీస్కొని కారు మీద పడ్డడు. కొడుకు ఛాతి మీద పడ్డ బండి. ఆయనను నేనేం అనను.

కని మనోడొకడు అక్కడ నిలవడి వీడియో తీసిండు. ఆపలే. అండ్ల వాని నవ్వు గూడ వినవడ్తది.

శేఖర్ నంబర్‌కే పంపిండు. "నీ రేస్ కార్ ఖతం బ్రో" అని.

మొన్న శేఖర్ ఫోన్ అడిగితే నేనే చేతికిచ్చిన. జర టైంపాస్ అయితదనుకున్న.

చూసుకుంట చూసుకుంట నడుమల ఆపిండు. అప్పటికి అద్దాలు, డోర్లు పోయినయ్.

"బాపు ఇంజన్ జోలికి పోలే గదరా?"

ఫోన్ గుంజుకుందామని చెయ్యి చాపిన. వాడు మళ్ల ప్లే కొట్టిండు.

బాపు బానెట్ లేపిండు.

వీడియో అయిపోయినంక ఫోన్ నాకిచ్చి గోడ దిక్కు మొఖం తిప్పుకున్నడు. పొద్దుమీకి నేను ఇంటికి పోతున్న అని చెప్పినా తిరగలే.

తెల్లారితే అక్క ఫోన్.

ఊపిరితిత్తులు ఆగిపోయినయ్ అన్నరు డాక్టర్లు. వీడియోకు, చావుకు సంబంధం లేదు. నాకూ తెల్సు.

నిన్న మట్టి ఇచ్చినంక బాపు నన్ను పక్కకు పిలిచిండు. రెండు అరచేతులకు కట్లు ఉన్నయ్.

"కారు సంగతి అడిగిండా వాడు?"

"లేదు బాపు. ఏం అడగలే."

నమ్మిండు.

ఆయనకు చదువు రాదు, ఈ పోస్ట్ చూడడు. మీరెవ్వరు పోయి చెప్పకున్రి.

వీడియో తీసినోడా, నిన్న పాడె ముందుకొచ్చి మోసినవ్. నేను చూసిన. నీ పేరు రాస్తలేను. రాస్తే బాపు దాక పోతది.

ఇగ పండుకోరా శేఖర్.

నీకు శాంతి దొరకాలె.

నాకు, వానికి దొరకొద్దు.